మెట్ట సీమలో వరద కట్ట: పెద్ద జలాశయము, ఊరి చెరువు, మన చేను

(సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతపు రైతుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)

మెట్ట ప్రాంతములో వరదల గురించి మాట్లాడబోవుచున్నామని చెప్పగానే, ఒక పెద్దాయన నన్ను ఇట్లు ప్రశ్నించినారు: "మాకు వానలే సరిగా లేవు గదా, వరద ఎక్కడిది? వరదను ఆపు కట్ట మాకెందుకు?" ప్రశ్న న్యాయమైనదే. నేటి నా ప్రసంగమంతయు ఈ ప్రశ్నకు జవాబే.

కరువు సీమకు, వరదకు దగ్గరి చుట్టరికము కలదు. మన సింగూరు జలాశయమునే చూడండి. దాని నిండు సామర్థ్యము 29.91 టి.ఎం.సి.లు. 2015లోను, 2016 ఎండాకాలములోను అది అడుగంటినది. హైదరాబాదు నగరమునకు దానినుండి పోవు త్రాగునీరు నిలిచిపోయినది. అదే 2016 సంవత్సరము సెప్టెంబరు చివరి దినములలో మంజీరకు వరద వచ్చి, ఆ జలాశయమే నిండి గేట్లు ఎత్తవలసి వచ్చినది. ఎండాకాలములో బిందెడు నీటికై ఎదురుచూచిన నదియే నాలుగు నెలలకు పొంగి పారినది. మెట్ట సీమ వాన స్వభావము ఇట్టిది.

వాన తక్కువ చోట వరద ఎందుకు?

పటాన్‌చెరు ప్రాంతమున సంవత్సరమునకు సగటున 800 నుండి 900 మిల్లీమీటర్ల వాన పడును. ఇందులో ఎక్కువ భాగము జూన్ మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే వచ్చును. ఆ నాలుగు నెలలలోను అది రోజూ కొంచెము కొంచెముగా రాదు. ఇరవై దినములు మబ్బు ముఖము చూపదు, తరువాత ఒక్క రాత్రిలో నెల వాన కుమ్మరించును. 2000 సంవత్సరము ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్క దినమున 240 మిల్లీమీటర్లకు పైగా వాన పడినది మీలో చాలామందికి జ్ఞాపకముండును.

ఇక నేల సంగతి. మన చెల్కలు పలుచనివి, క్రింద రాతి పొర ఉన్నది. పెద్ద చినుకులు పడగానే చెల్క పైపొర అదిమి గట్టి పెచ్చు కట్టును. దానిపై నీరు ఇంకదు, జారును. నల్లరేగడి మొదట నెర్రెల ద్వారా నీరు త్రాగును. ఒకసారి తడిసి ఉబ్బిన తరువాత నెర్రెలు మూసుకొనిపోవును, నీరు పైనే పారును. వర్షాకాలమున బీడుగా ఉంచి యాసంగిలో జొన్నయో శనగయో వేయు చేనిలో వానను అడ్డగించు ఆకు గాని, నీటిని నిలుపు వేరు గాని లేదు. కనుక చేలు, గుట్టలు, బాటలు, అన్నిటి నీరు ఒకేసారి వాగులోనికి దిగును. అందుచేతనే మెట్ట వాగు పది నెలలు ఎండియుండి, పది గంటలు మహా నదియగును.

ఎడారిలో కట్టిన రెండు ఆనకట్టలు

ఈ కష్టము మనకే వచ్చినది కాదు. ఎడారి దేశముల వారు వేల ఏండ్ల క్రిందటనే దీనిని ఎదుర్కొన్నారు. అక్కడి రెండు కట్టల కథ మన రైతు తప్పక తెలిసికొనవలసినది.

మొదటిది ఈజిప్టు దేశములోనిది. కైరో నగరమునకు దక్షిణమున, హెల్వాన్ సమీపమున వాడీ గరావీ అను ఎండు వాగు ఉన్నది. దాదాపు 4,600 సంవత్సరముల క్రిందట అక్కడివారు ఆ వాగునకు అడ్డముగా 14 మీటర్ల ఎత్తున గొప్ప కట్ట కట్టనారంభించినారు. రెండు ప్రక్కల రాతి గోడలు, నడుమ మట్టి, గులకరాయి. నేడు ఆనవాళ్లు మిగిలిన పెద్ద ఆనకట్టలలో ఇది మిక్కిలి పాతది. వాగుకు వచ్చు ఆకస్మిక వరదనుండి దిగువ ప్రాంతమును కాపాడుటకే దీనిని కట్టినారని పండితుల అభిప్రాయము. కాని ఆ కట్టకు మత్తడి లేదు. నిండిన నీరు సురక్షితముగా పోవు దారి లేదు. పని పూర్తికాక ముందే వరద వచ్చి నడుమ భాగమును కొట్టుకొని పోయినది. దానిని మరల ఎవరును కట్టలేదు.

రెండవది యెమెన్ దేశమున మారిబ్ అను చోట నున్నది. అదియు ఎడారియే, అదియు ఎండు వాగే. అక్కడి కట్ట దాదాపు 600 మీటర్ల పొడవు గలది. దాని రెండు చివరలను రాతి తూములు, నీరు మళ్లించు గట్టి కట్టడములు ఉండెడివి. వరద వచ్చినపుడు నీటిని ఆ దారులలో రెండు ప్రక్కల పొలములకు పంపెడివారు. అది కూడ పలుమార్లు తెగినది. తెగిన ప్రతిసారి జనులను కూర్చి బాగుచేసినారు. క్రీ.శ. 548లో అబ్రహా అను రాజు చేయించిన మరమ్మతును గూర్చి రాతి శాసనమే ఉన్నది. ఈ విధముగా ఆ కట్ట వేయి సంవత్సరములకు పైగా ఆ ప్రజలను పోషించినది. మరమ్మతు మానిన తరువాత, ఆరవ శతాబ్దము చివరి భాగమున తెగి మరల లేవలేదు.

రెండు కట్టలకు గల భేదము ఎత్తులో లేదు, రాతిలో లేదు. నీరు పోవు దారిలోను, ఏటేటా చేయు మరమ్మతులోను ఉన్నది. ఈ రెండు మాటలు గుర్తుంచుకొనండి. నేను తరువాత చెప్పునదంతయు వీనిపైననే ఆధారపడియున్నది.

మన ప్రక్కనే జరిగిన పాఠము: 1908 మూసీ వరద

సంగారెడ్డి, పటాన్‌చెరు పొలముల నీరు ఎక్కువగా నక్కవాగు మొదలగు వాగుల ద్వారా మంజీరలో కలియును. మనకు దక్షిణమున మిట్ట దాటగానే మూసీ పరీవాహక ప్రాంతము మొదలగును. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ, దాని ఉపనది ఈసీ, రెండును హైదరాబాదునకు ఎగువన కలియును. నేల మనవంటిదే, వానయు మనవంటిదే. కనుక అక్కడ జరిగినది మన ఊళ్లకు కూడ పాఠమే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరమును ముంచినది. సుమారు 15,000 మంది ప్రాణములు కోల్పోయినారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గరి ఒక చింతచెట్టునెక్కి సుమారు 150 మంది బ్రతికినారు. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున ఉన్నది.

నిజాము ప్రభుత్వము శ్రీ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని రప్పించినది. వారు మొదట లెక్కలు తీసినారు. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వాన పడినది. నగరమునకు ఎగువన 860 చదరపు మైళ్ల పరీవాహక ప్రాంతమున 788 చెరువులు, కుంటలు ఉండెను. అనగా దాదాపు చదరపు మైలునకు ఒకటి. ఆ వరదలో వీనిలో 221 తెగినవి. పై చెరువు తెగి దాని నీరు క్రింది చెరువుపై పడును; అది తెగి రెండింటి నీరు మూడవదానిపై పడును. గొలుసువలె తెగినవి. వాన నీటికి తెగిన చెరువుల నీరు తోడై, నది వరద సెకనుకు 4,25,000 ఘనపుటడుగులకు ఎక్కినదని వారు లెక్కగట్టినారు.

ఈ అంకె పెద్దది. దీనిని మన ఎకరములలోనికి మార్చి చూతము. ఒక ఎకరముపై నుండి గంటకు ఒక అంగుళపు నీరు పారిపోయినచో, అది సెకనుకు ఇంచుమించు ఒక ఘనపుటడుగు అగును. ఈ సూత్రము చాల సులభము, గుర్తుంచుకొనదగినది. 860 చదరపు మైళ్లనగా 5,50,000 ఎకరములు. కనుక నాడు ప్రతి ఎకరమునుండి గంటకు ముప్పావు అంగుళపు నీరు నగరము మీదికి పోయినట్లు లెక్క. ఒక ఎకరము నీరు చూచిన ఎవరికిని భయము కలుగదు. అయిదున్నర లక్షల ఎకరముల నీరు ఒక్కచోట చేరిననే ప్రళయము.

విశ్వేశ్వరయ్య గారు 1909లో నివేదిక ఇచ్చినారు. మూసీపైన 8.4 టి.ఎం.సి.లు, ఈసీపైన 11.9 టి.ఎం.సి.లు పట్టు రెండు వరద జలాశయములు కట్టవలెనని వారి సలహా. దాని ఫలితముగా గండిపేట వద్ద ఉస్మాన్‌సాగర్ 1920 నాటికి, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927 నాటికి పూర్తియైనవి. అవి త్రాగునీటికి ఆధారములు కూడ అయినవి. నేడు నిండు మట్టమున ఉస్మాన్‌సాగర్ 3.9 టి.ఎం.సి.లు, హిమాయత్‌సాగర్ సుమారు 2.97 టి.ఎం.సి.లు పట్టును.

ఖాళీ జాగాయే వరద కట్ట బలము

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. వరదను ఆపుటకు జలాశయము ఖాళీగా ఉండవలెను. త్రాగుటకు, సాగుకు అది నిండుగా ఉండవలెను. ఒకే కుండ రెండు విధముల ఉండజాలదు. నిండిన జలాశయమునకు వచ్చిన వరదను, వచ్చినంత దిగువకు వదలక తప్పదు.

లెక్క చూడండి. ఈ రెండు జలాశయములును పూర్తిగా ఖాళీగా ఉన్నవనుకొనినను, 1908 నాటి గరిష్ఠ వేగముతో వరద వచ్చినచో నాలుగున్నర గంటలలో నిండును. సగము నిండి ఉన్నచో రెండుంబావు గంటలు మాత్రమే. అందుచేత నీటి శాఖ ఇంజనీర్లు వాన సూచన చూచి ముందుగానే కొంత నీరు వదలి జాగా చేయుదురు. ఇంత చేసినను, జలాశయమునకు దిగువన పడు వానను ఆ జలాశయము ఆపజాలదు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదు దక్షిణ భాగమున పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి కాలనీలు మునిగినవి. 2025 సెప్టెంబరు చివర జలాశయముల గేట్లెత్తగా మూసీ నీరు మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోనికి వచ్చినది.

దీనినిబట్టి పెద్ద కట్టలు వ్యర్థమని అనుకొనరాదు. అవి లేనిచో నష్టము ఎన్నో రెట్లు ఉండును. నేను చెప్పునది ఒక్కటే: పెద్ద కట్ట ఒక్కటే చాలదు. దానికి ఎగువన చెరువు, చెరువునకు ఎగువన చేను, ఈ మూడును తమ తమ పని చేయవలెను. మొదటి పని చేనిది.

ఇంకొక లెక్క చెప్పుదును. 860 చదరపు మైళ్లపై ఒక్క అంగుళము నీటిని చేలలోనే నిలిపినచో, అది సరిగా 2 టి.ఎం.సి.లగును. అనగా ఉస్మాన్‌సాగర్‌లో సగమునకు మించి. దీనికి సిమెంటు అక్కరలేదు, భూసేకరణ అక్కరలేదు, ఏ ఊరును ముంపు కాదు. పన్నెండు అంగుళముల వాన పడిన దినమున ఈ ఒక్క అంగుళము వరదను ఆపునని నేను చెప్పను. నేల తడిసి ఉబ్బిన తరువాత అది ఇక త్రాగదు. కాని ఏటేటా వచ్చు రెండంగుళాల, మూడంగుళాల వానలలో ఈ అంగుళము చెరువు కట్టను కాపాడును, దాని కడుపులో పూడిక చేరకుండ చూచును. అన్నిటికంటె ముఖ్యముగా మీ పైరును కాపాడును.

చేనిలో చేయవలసిన పని

పటాన్‌చెరులో 1972లో స్థాపించిన అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ, మనము ఇక్రిశాట్ అని పిలుచునది, 1976 నుండి నల్లరేగడి నేలలో ఒక దీర్ఘకాల పరిశీలన చేసినది. ఒక ప్రక్క పాత పద్ధతి: వానాకాలమున బీడు, యాసంగిలో జొన్న లేక శనగ. రెండవ ప్రక్క కొత్త పద్ధతి: వెడల్పు మడులు, కాలువలు, వానాకాలముననే జొన్నలో కంది వంటి జంట పంట, తగిన ఎరువు. పాత పద్ధతిలో హెక్టారుకు సుమారు ఒక టన్ను గింజ, కొత్త పద్ధతిలో సుమారు 5 టన్నులు వచ్చినవి. అనగా ఎకరమునకు 4 క్వింటాళ్ల చోట 20 క్వింటాళ్లు. పాత పద్ధతిలో ఏటా హెక్టారునుండి 6 టన్నులకు పైగా మట్టి కొట్టుకొని పోగా, కొత్త పద్ధతిలో సుమారు ఒకటిన్నర టన్ను మాత్రమే పోయినది. వరదలో పోవునది నీరు ఒక్కటే కాదు, మీరు వేసిన పెంట, ఎరువు, నేల పైపొర సారము కూడ.

ఈ క్రింది పనులు ఎవరి చేనిలో వారు చేసికొనవచ్చును.

1. దున్నుట, విత్తుట వాలునకు అడ్డముగా సాగవలెను. వాలు వెంబడి వేసిన ప్రతి సాలు ఒక చిన్న వాగే. ఇది ఖర్చు లేని పని.

2. నల్లరేగడిలో ఒక మీటరు వెడల్పు మడి, అర మీటరు వెడల్పు కాలువ, ఈ విధముగా ఒకటిన్నర మీటరునకు ఒకటి చొప్పున వేయవలెను. కాలువ వాలు వంద మీటర్లకు అర మీటరు వరకు ఉన్నచో చాలును. నీరు నడచి పోవలెను గాని పరుగెత్తరాదు. కంది, సోయాచిక్కుడు, మొక్కజొన్నలకు ఈ పద్ధతి అనుకూలము. వాన తక్కువైనపుడు మడి తేమ నిలుపును, ఎక్కువైనపుడు కాలువ మురుగు తీయును.

3. చెల్కలలో విత్తిన 30–40 దినములకు, రెండు మూడు మీటర్లకు ఒకటి చొప్పున సాళ్ల నడుమ గొడ్డుచాలు తీయవలెను. పెచ్చు కట్టిన నేలను గుంటకతో పగులగొట్టవలెను.

4. చేను గట్లను వాలునకు అడ్డముగా వేసి, ప్రతి గట్టునకు ఒక చోట రాళ్లు పరచి నీరు పొంగి పోవు దారి ఇవ్వవలెను. దారి లేని గట్టు తప్పక తెగును. ఈజిప్టు కట్ట కథ ఇంతే గదా! గట్లపై వట్టివేరు గాని గ్లైరిసీడియా గాని నాటినచో మట్టి పట్టియుండును. గ్లైరిసీడియా ఆకు పచ్చిరొట్టగా కూడ పనికివచ్చును.

5. చేనిలో పల్లపు మూలన పంట కుంట త్రవ్వుకొనండి. పైన 10 మీటర్ల చదరము, అడుగున 5 మీటర్ల చదరము, రెండున్నర మీటర్ల లోతు గల కుంటలో సుమారు 1,45,000 లీటర్లు నిలుచును. ఒక ఎకరముపై ఒక మిల్లీమీటరు నీరనగా సుమారు 4,000 లీటర్లు. కనుక ఎకరమునుండి 36 మిల్లీమీటర్లు పారివచ్చినచో ఈ కుంట నిండును. ఆ నీటితో బెట్ట దినములలో అర ఎకరమునకు రెండు అంగుళముల తడి ఒకటి ఇయ్యవచ్చును. కుంటలోనికి నీరు వచ్చు నోట చిన్న గుంట తీసి, ఒండ్రు అందులో ఆగునట్లు చేయవలెను. చుట్టును కంచె తప్పనిసరి, పిల్లలు, పశువులు పడకుండ.

ఊరి చెరువు: కట్ట కంటె మత్తడి మిన్న

ఇప్పుడు కొంచెము కఠినమైన మాట చెప్పవలసియున్నది. చెరువు నిండినపుడు ఆయకట్టు రైతు మత్తడిపై ఇసుక బస్తాలు, రాళ్లు పేర్చి మరొక అడుగు నీరు నిలుపుదమని చూచును. శికం భూమిలో పైరు వేసినవాడు తన పైరు మునుగుచున్నదని రాత్రివేళ తూము ఎత్తును, ఒక్కొక్కప్పుడు మత్తడి రాయినే పీకును. చేపలు పట్టువారు మత్తడికి అడ్డముగా వల, కంప కట్టుదురు. ముగ్గురికిని వారి వారి కష్టము ఉన్నది. కాని ముగ్గురును కలిసి ఊరిని అపాయమున పడవేయుచున్నారు.

దీనికి కూడ లెక్క ఉన్నది. ఒక కుంటకు 100 ఎకరముల చేల నీరు వచ్చుననుకొనండి. గంటకు అంగుళము చొప్పున నీరు పారినచో, సెకనుకు 100 ఘనపుటడుగులు వచ్చును. మత్తడిపై ఒక అడుగు ఎత్తున పారు నీరు, ప్రతి అడుగు పొడవునకు సెకనుకు సుమారు 3 ఘనపుటడుగులు. కనుక 33 అడుగుల మత్తడి ఉన్నచో ఆ వరద అడుగు ఎత్తున సాఫీగా పోవును. అందులో సగము వలలతో, బస్తాలతో మూసినచో, అదే నీరు పోవుటకు మట్టము అడుగున్నరకు పైగా ఎక్కవలెను. మత్తడిపై అడుగు ఎత్తున బస్తాలు పేర్చినచో ఆ అడుగును దీనికి కలుపుకొనవలెను. అప్పుడు నీరు కట్ట తలను తాకును. మట్టి కట్టపై నుండి నీరు పొర్లినచో దానిని ఎవరును ఆపలేరు. ఒక అడుగు నీటి ఆశకు చెరువంతయు పోవును, దాని క్రింది చెరువుకును ముప్పు వచ్చును. 1908లో 221 చెరువులు గొలుసుగా తెగిన సంగతి మరువరాదు.

శికం పైరుల సంగతి గ్రామసభలో వానలకు ముందే తేల్చుకొనవలెను. నీరు దిగిన తరువాత ఆ తేమపై యాసంగి పంట వేసికొనుట ఉభయులకు క్షేమము. చెరువు నిండిన రాత్రి కట్టమీద చేయు తగవు ఎవరికిని మేలు చేయదు.

వానలు మొదలగుటకు ముందు, మే నెలలో ఊరివారు, పాత కాలమున నీరటి చూచుకొను పనులను తామే చూచుకొనవలెను:

కట్టపై ఎలుక, పందికొక్కు బొరియలు, చెద పుట్టలు ఉన్నచో త్రవ్వి, తడిమట్టితో పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చవలెను. సర్కారు తుమ్మ, ఈత మొక్కలను చిన్నవిగా ఉన్నపుడే తీయవలెను. పెద్ద చెట్టును నరికి వేరు వదలినచో, ఆ వేరు కుళ్లి లోపల బిలమగును. కట్ట తల ఎక్కడైన దిగినదా, బండ్లు, ట్రాక్టర్లు నడచి పల్లమైనదా చూడవలెను. తూము తలుపు ఎత్తి దింపి చూడవలెను. మత్తడి, దాని క్రింది వాగు శుభ్రము చేయవలెను. పూడిక తీసిన మట్టిని చెల్కలకు తోలుకొనవలెను. 2015లో మిషన్ కాకతీయ ఆరంభమైనప్పటి నుండి ఎందరో రైతులు ఈ మట్టి గుణము చూచియున్నారు. అయితే కట్ట పాదము దగ్గర త్రవ్వరాదు.

వరద దినములలో కట్ట వెనుక జాలు వచ్చుచున్నదా గమనించవలెను. తేట నీరు కొంచెముగా ఊరుచున్నచో భయము లేదు. బురద నీరు వచ్చుచున్నచో కట్ట లోపల మట్టి కోసుకొని పోవుచున్నదని అర్థము. వెంటనే నీటిపారుదల శాఖవారికి, రెవెన్యూవారికి కబురు పంపి, దిగువ ఇండ్లవారిని ఎత్తు చోటికి తరలించవలెను. పశువులను గుంజలకు కట్టి వదలరాదు.

కార్ఖానాల మధ్య వాగు

మన ప్రాంతమునకు మరొక ప్రత్యేక విషయము కలదు. 1970ల నుండి పటాన్‌చెరు చుట్టుప్రక్కల పరిశ్రమలు వెలసినవి. మన పిల్లలకు ఉద్యోగములు దొరికినవి. అదే కాలమున పెద్ద చెరువులు, నక్కవాగు వెంబడి కార్ఖానా వ్యర్థ జలము చేరి పొలములు, బావులు చెడినవి. ఆ వ్యవహారము 1990లో సుప్రీంకోర్టు వరకు పోయినది. వరద వచ్చినపుడు వాగులో ఉన్నదంతయు పొలములోనికి ఎక్కును. అట్టి నీరు నిలిచిన పొలమున పశువులను త్రాగనీయరాదు. నీరు తీసిన తరువాత మట్టిని, బావి నీటిని పరీక్ష చేయించిన పిమ్మటనే తరువాతి పంట నిర్ణయించవలెను.

భూమి ధర పెరుగుటతో వాగు దారులు, కుంటలను కలుపు కాలువలు పూడ్చి ప్లాట్లు చేయుట కూడ జరుగుచున్నది. ఎండాకాలమున అది ఖాళీ నేలగానే కనబడును. పది ఏండ్లు నీరు రాకపోవచ్చును. కాని పటములో వాగు ఉన్నచోట పదునొకండవ ఏట అది తప్పక వచ్చును. మీరు భూమి అమ్మినను, కొన్నను గ్రామ నక్షా చూచి వాగు, శికం హద్దులు తెలిసికొనండి. వాగును పూడ్చి అమ్మిన ఎకరము నీరు పొరుగువాని ఇంటిలోనికి పోవును.

వరద తీసిన తరువాత

పైరులో నిలిచిన నీటిని 24 నుండి 48 గంటలలోపల బయటికి పంపవలెను. కందికి నీటి ఎద్దడి కంటె నీటి నిలువ ఎక్కువ హాని. ప్రత్తిలో మురుగు తీసిన పిమ్మట, నేల ఆరుచున్న పదునులో, ఎకరమునకు 25 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ మొదళ్లకు దూరముగా వేసి పాటు చేయవలెను. మొక్కలు వడలుచున్నచో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మొదళ్ల దగ్గర నేల తడియునట్లు పోయవలెను. ఇసుక మేట పలుచగా ఉన్నచో లోతుగా దున్ని కలిపివేయవచ్చును. మందముగా ఉన్నచో తీసివేయక తప్పదు. పంట నష్టమును వెంటనే వ్యవసాయ విస్తరణాధికారికి తెలిపి నమోదు చేయించుకొనవలెను.

రైతు సోదరులారా, ఇంతవరకు చెప్పినదాని సారాంశము మూడు మాటలు. చేనిలో పడిన నీటిని చేనిలోనే నడిపించి ఇంకనీయండి. చెరువునకు దారి ఉంచండి, మత్తడిని తాకకండి. పెద్ద జలాశయమునకు ఖాళీ జాగా మిగులునట్లు ఎగువన మన వంతు నీరు మనము పట్టుకొందము. పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఇదియే నా జవాబు: వానలు లేని సీమకే వరద కట్ట ఎక్కువ అవసరము, ఎందుకనగా అక్కడ పోయిన ప్రతి చుక్కయు మరల కావలసిన చుక్కయే.

ఈ మే నెలలో మీ ఊరి మత్తడి పొడవు ఒకసారి అడుగులతో కొలవండి. దానిపైకి నీరు వచ్చు ఎకరములెన్నో పెద్దలను అడిగి తెలిసికొని, నేను చెప్పిన లెక్క వేయండి. చాలకున్నచో వానలు రాకముందే నీటిపారుదల శాఖవారికి గ్రామము పక్షమున అర్జీ పెట్టండి.